మా అమ్మాయి అడిగిన రైల్వే గేటు

శుక్రవారం మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చే వేళ మీ ఇళ్ళల్లోకి వచ్చి ఓ పావుగంట మాట్లాడమని మన రేడియో మిత్రులు అడిగారు. దేని గురించండీ అంటే, "ఏదైనా సరే, పిల్లలూ పెద్దలూ ఒకే గదిలో కూర్చుని వినేదిగా ఉండాలి" అన్నారు. మా ఇంట్లో పిల్లలూ పెద్దలూ ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకున్న సంగతులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఒకటి మీకు చెబుతాను. ఇది ఒక రైల్వే గేటు కథ.

2025 మొదట్లో మా అమ్మాయి పన్నెండో తరగతి పరీక్షలకు చదువుతూ ఉంది. పరీక్షలయ్యాక ఏం కావాలో చెప్పమ్మా, కొనిపెడతాను అన్నాను. గోల్డ్ సూక్‌లో ఓ చిన్న గొలుసో, కొత్త ఫోనో అడుగుతుందనుకున్నాను. అది కాస్సేపు ఆలోచించి, "నాన్నా, నాకొక రైల్వే గేటు చూడాలని ఉంది" అంది.

నేను కొత్తగూడెంలో పుట్టినవాణ్ణి. నా చిన్నతనంలో సగం రైల్వే గేటు దగ్గర బొగ్గు వ్యాగన్లు లెక్కపెట్టడంతోనే సరిపోయింది. ఈ ఖతర్‌లో పుట్టి పెరిగిన పిల్లకు పాపం రైల్వే గేటంటే ఏమిటో తెలియదు కాబోలు అనుకుని, "దానికేం, వేసవిలో మన ఊరెళ్ళినప్పుడు నాలుగు చూపిస్తాను" అన్నాను. "ఆ గేటు కాదు నాన్నా, జపాన్‌లో ఉన్నది" అంది. మా ఆవిడ వంటింట్లోంచి గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

విషయమేమిటంటే, మా పిల్ల యానిమేలు చూస్తుంది. మీ ఇళ్ళల్లోనూ చూస్తూనే ఉంటారు. మనం వాటిని బొమ్మల సినిమాలంటాం, వాళ్ళకు కోపం వస్తుంది. "స్లామ్ డంక్" అని బాస్కెట్‌బాల్ ఆడే కుర్రాళ్ళ కథ ఒకటుంది. తకెహికో ఇనొవె అనే ఆయన 1990 నుంచి 1996 దాకా బొమ్మల కథగా వేశారు. 1993 అక్టోబరు 16న టీవీలో మొదలైంది. ఆ అక్టోబరు నెలని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను. ఆ సీరియల్ మొదటి పాటలో ఒక రైల్వే గేటు కనిపిస్తుంది. ఇటు కథానాయకుడు నిలబడి ఉంటాడు, వెనక సముద్రం, మధ్యలోంచి చిన్న రైలు వెళ్తుంది. అంతే. కొన్ని క్షణాల దృశ్యం. ఆ గేటు నిజంగా ఉంది. టోక్యోకి దక్షిణాన కమకురా అనే పాత ఊళ్ళో, కమకురా కోకో మాయే అనే చిన్న స్టేషను పక్కన ఉంది. దాన్ని చూడటానికి దేశదేశాలనుంచి జనం వెళ్తారు.

ఇలా వెళ్ళడానికి జపనీయులు ఒక పేరు పెట్టుకున్నారు: "సేయిచి జున్‌రేయి". దాని అర్థం విని నేను ఆశ్చర్యపోయాను. పుణ్యక్షేత్రాల యాత్ర అని! గుళ్ళూ గోపురాలూ తిరగడానికి వాళ్ళు వాడుకునే మాటనే దీనికీ వాడేశారు. అంతేకాదు, 2016లో యానిమే టూరిజం అసోసియేషన్ అని ఒక సంస్థ పెట్టి, ఏటా చూడదగ్గ 88 చోట్ల జాబితా ఇస్తున్నారు. 88 ఎందుకంటే, జపాన్‌లోని షికోకు దీవిలో 88 ఆలయాల ప్రదక్షిణ ఒకటి పూర్వం నుంచీ ఉంది. మనకు పంచారామాలు, నవ తిరుపతులు ఉన్నట్టే. ఆ లెక్కనే దీనికీ తీసుకున్నారు.

"ఇదంతా వ్యాపారం" అంది మా ఆవిడ. కొంత నిజమే. సైతామా ప్రాంతంలో వాషినోమియా అని ఒక పాత గుడి ఉంది. 2007లో "లక్కీ స్టార్" అనే యానిమేలో ఆ గుడి ముఖద్వారం కనబడింది. అంతకుముందు కొత్త సంవత్సరం మొదటి మూడు రోజుల్లో దాదాపు 1,30,000 మంది వచ్చే గుడికి 2008లో 3,00,000 మంది వచ్చారు. ఆ తరవాతి ఏళ్ళలో అది 4,00,000 దాటింది. అక్కడి దుకాణదారులు ఈ కొత్త భక్తుల్ని చూసి మొహం చిట్లించలేదు. వాళ్ళతో కలిసి ఉత్సవాలు చేసుకున్నారు. భక్తులు మొక్కులు రాసి కట్టే చెక్కపలకల మీద యానిమే బొమ్మలు గీసి కట్టినా ఏమీ అనలేదు. గుడి గుడిగానే ఉంది, జనం పెరిగారు, ఊరికి నాలుగు డబ్బులు వచ్చాయి. వ్యాపారమే కావచ్చు. కానీ వ్యాపారం కోసం మూడు లక్షల మంది చలిలో వరసలో నిలబడరు కదా!

సరే, మా ఇంట్లో వాదన పది రోజులు నడిచింది. ఆ ఖర్చుతో ఇండియాకు రెండుసార్లు వెళ్ళి రావచ్చని మా ఆవిడ. నేను మాత్రం బయటికి చెప్పని ఒక కారణంతో ఒప్పుకున్నాను. ఆగస్టులో పిల్ల ఇంజనీరింగ్ చదవడానికి హైదరాబాదు వెళ్ళిపోతుంది. ఆరు నెలలు దాటి బయట ఉంటే ఇక్కడి రెసిడెన్సీ చెల్లదన్న నియమం మీ అందరికీ తెలిసిందే. అంటే తను పుట్టిన ఊరికి తను ఇకమీద విజిట్ వీసా మీద రావాలి. అది అడిగిన ఆఖరి కోరికేమో ఇది అనిపించింది. మొత్తానికి ఏప్రిల్‌లో టిక్కెట్లు కొన్నాం. దోహా నుంచి టోక్యోకి పది గంటల ప్రయాణం.

కమకురాకి వెళ్ళే ఆ చిన్న రైలుని ఎనోడెన్ అంటారు. 1902లో మొదలైన లైను. మొత్తం పది కిలోమీటర్లు, పదిహేను స్టేషన్లు. ఆకుపచ్చా మీగడ రంగూ పెట్టెలు. ఇళ్ళ మధ్యనుంచి, పెరళ్ళ పక్కనుంచి వెళ్తుంది. కిటికీలోంచి చెయ్యి చాస్తే ఎవరింటి దండెం మీది తువ్వాలైనా అందుతుందేమో అనిపిస్తుంది. ఒక మలుపు తిరగ్గానే ఒక్కసారిగా సముద్రం. స్టేషన్లో దిగాం. నాలుగడుగుల్లో గేటు. పసుపూ నలుపూ చారల కర్రలు, ఎర్ర దీపాలు, గంట. అచ్చం మన గేటే. కొత్తగూడెం గేటుకి సముద్రం తగిలిస్తే ఇదే.

కానీ అక్కడి జనం! రెండువందల మందికి తక్కువ ఉండరు. రైలు పన్నెండు పద్నాలుగు నిమిషాలకొకటి. గంట మోగగానే అందరి చేతులూ పైకి లేస్తాయి, ఫోన్లు పట్టుకుని. నేనూ ఉత్సాహంలో, పిల్లకు మంచి ఫొటో తీయాలని రోడ్డు మధ్యకి అడుగు వేశాను. యూనిఫాం వేసుకున్న పెద్దాయన ఒకాయన పరుగున వచ్చి, నడుం వంచి, రెండు చేతులూ చాచి నన్ను వెనక్కి పంపాడు. నా వెనకే ఒక కారు ఆగి ఉంది. డ్రైవరు హారన్ కూడా కొట్టలేదు. ఆ గట్టు దిగి ఇంటికి వెళ్తున్న ఒక ముసలావిడ, చేతిలో కూరగాయల సంచీతో, మా గుంపు కదిలేదాకా ఓ పక్కన నిలబడి ఉంది.

మా అమ్మాయి అది చూసింది. ఫోను సంచీలో పెట్టేసింది. "నాన్నా, ఈవిడ ప్రతిరోజూ ఇలాగే నిలబడుతుందా?" అంది. అక్కడ నాలుగైదు భాషల్లో బోర్డులు ఉన్నాయి: రోడ్డు మీద నిలబడకండి, ఇళ్ళలోకి రాకండి, చెత్త వేయకండి అని. కాపలావాళ్ళను నగర పాలక సంస్థే పెట్టిందట. కొన్ని క్షణాల పాట ముప్పయ్యేళ్ళ తరవాత ఒక వీధివాళ్ళ మీద ఇంత బరువు వేసింది. పిల్ల మరో రైలు వచ్చేదాకా ఆగి, ఫొటో లేకుండా దాన్ని చూసింది. చూసి, "చాలు, వెళ్దాం" అంది.

దగ్గర్లోనే సముద్రపు గోడ మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాం. అప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది.

నాకు ఏడేళ్ళప్పుడు, 1980ల్లో, నాయనమ్మ నన్ను భద్రాచలం తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి బస్సులో పర్ణశాల తీసుకెళ్ళింది. దుమ్ముగూడెం మండలంలో గోదావరి ఒడ్డున, భద్రాచలానికి ముప్పై పైచిలుకు కిలోమీటర్లు. అక్కడ ఒక పాక, అందులో బంగారు లేడి, సన్యాసి వేషంలో రావణుడు, సీతమ్మ, అన్నీ బొమ్మలుగా ఉంటాయి. పక్కన సీతమ్మ వాగు. వాగు దగ్గరి బండ మీద చారలు చూపించి, "ఇదిగో, సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులు" అంది నాయనమ్మ. నేను ఆ బండని తడిమి చూశాను. చీర ఇంకా తడిగా ఉందేమో అన్నంత నమ్మకంగా తడిమాను. ఆ కథ అంతకుముందు వందసార్లు విన్నాను. కానీ ఆ రోజుతో అది నాకు తెలిసిన ఊళ్ళో, నేను ఎక్కిన బస్సు ఆగే చోట జరిగిన కథ అయిపోయింది.

మా అమ్మాయికి ఇది చెప్పాను. "అంటే మీ నాయనమ్మ కూడా సేయిచి జున్‌రేయి చేసిందన్నమాట" అంది. అన్నమాటే! మనం వేల ఏళ్ళుగా చేస్తున్న పనికి వాళ్ళు కొత్త పేరు పెట్టారు. మన దగ్గర ఇంకో తమాషా ఉంది. జటాయువు పడిన చోటు ఏదంటే, అనంతపురం వైపు వాళ్ళు లేపాక్షి అంటారు, రాముడు "లే పక్షీ" అన్నాడు కనక ఆ పేరని. మా భద్రాచలం వైపు వాళ్ళు ఎటపాక అంటారు, అది జటాయుపాకే అని. ఆ ఎటపాక 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది, అది వేరే కథ. ఒకే పక్షి రెండు చోట్ల ఎలా పడింది అని ఎవరూ కొట్టుకోలేదు. ఇదే చెబితే మా అమ్మాయి నవ్వి, యానిమేల్లోనూ ఈ తగువు ఉందంది. 2001లో వచ్చిన మియజాకి సినిమా "స్పిరిటెడ్ అవే"లో ఒక పెద్ద స్నానశాల ఉంటుంది. అది మాదేనని జపాన్‌లో మత్సుయామా ఊళ్ళోని దోగో వేడినీళ్ళ స్నానశాలకి వెళ్ళేవాళ్ళు అంటారు, కాదు మాదని తైవాన్‌లో జ్యుఫెన్ అనే కొండ ఊరికి వెళ్ళేవాళ్ళు అంటారు. జ్యుఫెన్‌ని చూసి గీయలేదని మియజాకి స్వయంగా చెప్పినా, అక్కడికి వెళ్ళే జనం తగ్గలేదు.

ఇక్కడ ఇంకొక మనిషి గురించి చెప్పాలి. ఆయన యుగో సాకో. జపాన్ వాడు. 1983లో మన దేశానికి వచ్చాడు. అలహాబాదు దగ్గర పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ రామాయణంలో చెప్పిన చోట్ల తవ్వకాలు చేస్తుంటే, వాటిమీద ఒక డాక్యుమెంటరీ తీయడానికి. అంటే ఆయన మన పుణ్యస్థలాలు చూడటానికి వచ్చిన యాత్రికుడే. ఆ స్థలాలు చూశాక ఆయనకు రామాయణం పట్టుకుంది. మన రామ్ మోహన్‌తో కలిసి, కొయిచి ససాకితో కలిసి, దాన్ని యానిమేగా తీశాడు. 1992లో పూర్తయింది. ఆ సినిమాని తెలుగుతో సహా నాలుగు భాషల్లో 2025 జనవరి 24న మన దేశంలోని థియేటర్లలో విడుదల చేశారు. మామూలుగా జనం యానిమే చూసి స్థలాలు వెతుక్కుంటూ వెళ్తారు. ఆయన స్థలాలు చూసి యానిమే తీశాడు. దారి రెండువైపులా ఉంది.

తిరుగు రైల్లో మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "నాన్నా, మీకు పర్ణశాల ఉంది. ఈ ఊళ్ళో పిల్లలకి ఈ గేటు ఉంది. నేను పుట్టిన దోహా ఏ కథలోనూ లేదు. దాన్ని వెతుక్కుంటూ ఎవరూ రారు" అంది. అన్నది మామూలుగానే. కానీ ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే మన ఇళ్ళల్లో "మన ఊరు" అంటే ఎప్పుడూ మనం వదిలి వచ్చిన ఊరే. పిల్లలకి మాత్రం అది నెల రోజుల సెలవల్లో దోమలు కుట్టే ఊరు. వాళ్ళు పెరిగిన ఊరిని మనం ఊరుగా లెక్కేయం. ఉద్యోగం చేసే చోటంటాం.

అప్పుడు నాకొక సంగతి గుర్తొచ్చింది. 2022 నవంబరు. ప్రపంచ కప్పు రోజులు. ఒక సాయంత్రం కారు పక్కకి ఆపి నీళ్ళు కొనుక్కుంటుంటే, నీలం చొక్కా వేసుకున్న ఒక నడివయసు జపనీయుడు ఫోనులో మ్యాప్ చూపించి, అల్ అహ్లి స్టేడియం ఎటు అని అడిగాడు. పాపం తప్పు స్టేడియం అనుకున్నాను. "జపాన్ మ్యాచ్ ఖలీఫా స్టేడియంలో అండీ, గోల్డ్ లైన్ మెట్రో ఎక్కి స్పోర్ట్ సిటీలో దిగండి" అని వివరంగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, తల ఊపి, మళ్ళీ అల్ అహ్లి అన్నాడు. "1993" అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. దారి చూపించి పంపేశాను.

ఆ 1993 ఏమిటో తరవాత తెలుసుకున్నాను. 1994 ప్రపంచ కప్పుకి ఆసియా ఆఖరి అర్హత పోటీలు 1993 అక్టోబరులో ఇక్కడే, మన దోహాలోనే జరిగాయి. ఆరు జట్లు, రెండు చోట్లు. జపాన్ అప్పటిదాకా ఒక్క ప్రపంచ కప్పూ ఆడలేదు. కానీ అక్కడి పిల్లలు "కెప్టెన్ త్సుబాసా" అనే ఫుట్‌బాల్ కథతో పెరిగారు. యొయిచి తకహాషి 1981లో మొదలుపెట్టిన బొమ్మల కథ, 1983లో టీవీ టోక్యో చానెల్లో యానిమేగా వచ్చింది. జపాన్ ఒకరోజు ప్రపంచ కప్పు గెలుస్తుందని కలగనే కుర్రాడి కథ. అక్టోబరు 28న అల్ అహ్లి స్టేడియంలో జపాన్‌కి ఇరాక్‌తో ఆఖరి మ్యాచ్. గెలిస్తే అమెరికా వెళ్తారు. ఆట ముగిసే వేళకి 2-1తో జపాన్ ముందుంది. అదనపు సమయంలో ఇరాక్‌కి ఒక కార్నర్ దొరికింది. బంతి గాల్లో లేచింది, జాఫర్ ఒమ్రాన్ తలతో కొట్టాడు, గోల్. 2-2. జపాన్ బదులు దక్షిణ కొరియా వెళ్ళింది. నీలం చొక్కాల ఆటగాళ్ళు గడ్డి మీద ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. జపాన్‌లో అది అర్ధరాత్రి వేళ. ఆ మ్యాచ్ చూపించింది కూడా, పదేళ్ళ కిందట త్సుబాసాని చూపించిన అదే టీవీ టోక్యో. 48.1 శాతం రేటింగ్ వచ్చింది. ఆ రాత్రికి వాళ్ళు పెట్టుకున్న పేరు "దోహా నో హిగెకి". దోహా విషాదం. ఆ అక్టోబరు నెలనే గుర్తుపెట్టుకోమన్నాను. మా అమ్మాయి గేటు ఉన్న స్లామ్ డంక్ అప్పటికి పన్నెండు రోజుల కిందటే మొదలైంది.

అంటే ముప్పయ్యేళ్ళుగా కోట్లమంది జపనీయులకి మన ఊరి పేరు ఒక కథ పేరు. ఆ రోజు మైదానంలో కూలబడ్డవాళ్ళలో హజిమె మొరియసు అనే ఆటగాడు ఉన్నాడు. 2022లో అదే జపాన్ జట్టుకి కోచ్‌గా ఆయన ఇదే దోహాకి వచ్చాడు. నవంబరు 23న ఖలీఫా స్టేడియంలో జర్మనీని 2-1తో, డిసెంబరు 1న అక్కడే స్పెయిన్‌ని 2-1తో ఓడించాడు. స్పెయిన్ మీద గెలిపించిన గోల్‌కి ముందు బంతి గీత మీద నిలిచింది రెండు మిల్లీమీటర్లకన్నా తక్కువ అంచున. సరిగ్గా రెండు రోజుల తరవాత, డిసెంబరు 3న, జపాన్‌లో స్లామ్ డంక్ కొత్త సినిమా విడుదలైంది. జర్మనీని ఓడించిన రాత్రి జపాన్ అభిమానులు నీలం రంగు సంచులు పట్టుకుని స్టేడియంలో చెత్త ఏరిన సంగతి మీరంతా టీవీలో చూసే ఉంటారు. నేను వాళ్ళ ఊరెళ్ళి రోడ్డుకి అడ్డం నిలబడితే, వాళ్ళు మన ఊరొచ్చి శుభ్రం చేసి వెళ్ళారు.

ఇదంతా ఎనోడెన్ రైల్లోనే పిల్లకు చెప్పాను. "నిజమా?" అని నాలుగుసార్లు అడిగింది. నమ్మక, ఫోను తీసి వెతికింది కూడా. మర్నాడు టోక్యోలో, తను అనుకున్న చోట్ల జాబితాలో లేని ఒక చోటికి వెళ్దామంది. కత్సుషికా వార్డులో యొత్సుగి అనే స్టేషను. తకహాషి పుట్టి పెరిగిన ప్రాంతం. స్టేషను నిండా త్సుబాసా బొమ్మలే. దగ్గరి చిన్న పార్కులో బంతితో త్సుబాసా కంచు విగ్రహం. అక్కడ గుంపు లేదు. ఇద్దరు ముసలాళ్ళు బెంచీ మీద ఉన్నారు. మేము దోహా నుంచి వచ్చామని మా పిల్ల తనకొచ్చిన నాలుగు జపనీస్ మాటల్లో చెప్పింది. "దోహా!" అని వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని, పెద్దగా నిట్టూర్చి, తరవాత నవ్వారు. మా అమ్మాయి మొహంలో వెలుగు చూడాలి మీరు. తన ఊరి పేరు చెబితే ఎదుటివాళ్ళు కదిలిపోవడం అది మొదటిసారి చూసింది.

దోహా తిరిగొచ్చాక ఆఫీసులో ఇది చెబితే, జోర్డాన్ నుంచి వచ్చిన నా సహోద్యోగి కుర్చీలోంచి లేచాడు. "కెప్టెన్ మాజిద్!" అన్నాడు. అరబ్బు దేశాల పిల్లలకు త్సుబాసా ఆ పేరుతోనే తెలుసట. ఒక్క గోల్ కొట్టడానికి వారం రోజులు పరిగెత్తే మైదానం అని నవ్వుకున్నాం. 2004లో ఇరాక్‌లోని సమావాలో జపాన్ ఇచ్చిన నీటి ట్యాంకర్ల మీద త్సుబాసా బొమ్మలు అంటించారు, అక్కడి పిల్లలకు తెలిసిన మొహం కనక. పదకొండేళ్ళ ముందు ఆ ఇరాక్ గోలే వాళ్ళ కలని ఆపింది.

ఆ వారాంతం నేనూ మా అమ్మాయీ అల్ అహ్లి స్టేడియానికి వెళ్ళాం. ఇప్పుడు దాన్ని హమద్ బిన్ ఖలీఫా స్టేడియం అంటారు. ఇన్నేళ్ళుగా ఆ పక్కనుంచి కార్లో వెళ్తూనే ఉన్నాను. చిన్న స్టేడియం, గేటు వేసి ఉంది. కాపలా ఉన్న అతను నిర్మల్ వైపు మనిషి. తెలుగు వినగానే బయటికొచ్చాడు. లోపలికి పంపలేనన్నాడు, బయటినుంచి చూసుకొమ్మన్నాడు. "కప్పు అయినప్పుడు జపానోళ్ళు శానమంది వచ్చిండ్రు సార్. ఇట్లనే గేటు కాడ నిలబడి, వంగి దండం పెట్టి పోయిండ్రు. ఏం దేవుడున్నడో నాకు సమజ్ గాలె" అన్నాడు. మా అమ్మాయి అతనికి 1993 కథ మొదట్నించీ చెప్పింది. అతను శ్రద్ధగా విని, వెనక్కి తిరిగి ఆ స్టేడియాన్ని కొత్తగా చూశాడు.

ఈ మాటలు వింటున్న కుటుంబాలకు నేను నేర్చుకున్న నాలుగు సంగతులు చెప్పి ముగిస్తాను. మీ పిల్లలు ఇలాంటి యాత్ర అడిగితే నవ్వకండి. ఏ కథ, అందులో ఏ చోటు, ఎందుకని అడగండి. వీలైతే వెళ్ళేముందు వాళ్ళతో కూర్చుని ఆ సినిమా మీరూ చూడండి. 2016లో వచ్చిన "యువర్ నేమ్" సినిమాలోని మెట్లు టోక్యో యొత్సుయాలో సుగా గుడి దగ్గరున్నాయి. చుట్టూ మామూలు ఇళ్ళే. అలాంటి చోట్లకి పొద్దున్నే వెళ్ళండి, మెల్లగా మాట్లాడండి, ఇళ్ళ ఫొటోలు తీయకండి, ఆ వీధి కొట్లో ఏదైనా కొనుక్కుని రండి. రోడ్డు మధ్యకి నాలాగా వెళ్ళకండి. అది ఎవరో మనలాంటివాళ్ళు కూరగాయల సంచీతో ఇంటికెళ్ళే దారి. జపాన్ దాకా వెళ్ళే వీలు లేకపోతే, వచ్చే సెలవల్లో పిల్లల్ని పర్ణశాలకో లేపాక్షికో తీసుకెళ్ళండి. ముందు కథ చెప్పి, తరవాత బండ చూపించండి.

ఇంకొక్క సంగతి. ఆగస్టులో ప్రయాణానికి ముందు మా అమ్మాయి రెండు శుక్రవారాలు నన్ను దోహా అంతా తిప్పింది. యానిమే యాత్రికులు సినిమాలోని దృశ్యాన్ని ఫోనులో పెట్టుకుని అసలు చోటు పక్కన పట్టి చూసుకుంటారు కదా, అలాగే మా పాత ఆల్బం ఫొటోలు పట్టుకుని తిరిగింది. కార్నిష్‌లో చెక్క పడవల దగ్గర, దాని పాలపన్ను ఊడిన చోటు. నజ్మాలో స్కూలు బస్సు ఆగే మలుపు. అక్కడి బకాలాలో మలయాళీ తాత రోజూ ఒక చాక్లెట్టు ఇచ్చేవాడు. ఇప్పుడు అక్కడ ఫోన్లు బాగుచేసే కొట్టుంది. మేము మొదట కాపురం ఉన్న బిల్డింగు లేదు. ఆ స్థలం పార్కింగ్ అయింది. అది ఫొటో ఎత్తి పట్టుకుని, మా పాత వంటింటి కిటికీ ఉండాల్సిన ఎత్తు చూసి, అక్కడ ఖాళీ ఆకాశాన్ని ఒక ఫొటో తీసుకుంది. నేను కార్లో కూర్చున్నాను, ఏసీ వేసుకుని. ఎండ యాభైకి దగ్గర్లో ఉంది. రమ్మని పిలవాలనిపించలేదు.

వెళ్ళేరోజు ఎయిర్‌పోర్టులో, "నాన్నా, మీరు ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ చోట్లు అప్పుడప్పుడు చూసి, ఏం మారిందో చెబుతుండండి" అంది. నెలకొకసారి చూసి, ఒక ఫొటో పంపుతున్నాను. పోయిన నెల ఆ బస్సు మలుపులో మన తెలుగు పిల్లలిద్దరు స్కూలు బ్యాగులతో నిలబడి ఉన్నారు. వాళ్ళకు అడ్డం రాకుండా, కాస్త దూరంగా ఆగి, బస్సు వెళ్ళాకే ఫొటో తీశాను.